మధ్యలో ముల్లున్న స్క్రూ

మెకానిక్ పెద్దాయన చేతిలోని నోటుపుస్తకాన్ని లాక్కుని రోడ్డు మీదికి విసిరేశాడు.

అది వెళ్ళి కాలవ పక్కన బురదలో పడింది.

"లే! లేచి నడువు! ఇంకోసారి నా షాపు మెట్టెక్కావంటే కాళ్ళు విరగ్గొడతా!"

బల్ల మీద కూర్చున్న పెద్దాయన గొడుగు ఊతంగా నెమ్మదిగా లేచాడు. ఎండకీ, వానకీ, కుక్కలకీ ఒకటే మందు అంటూ ఆ గొడుగు ఎప్పుడూ వదలడు. అందుకే వీధిలో అందరికీ గొడుగాయన. ఎవరో, ఏం చేసేవాడో ఎవరూ అడగలేదు.

"ఒక్క మాట విను బాబూ..." అంటూ చేతిసంచిలో చెయ్యి పెట్టాడు.

"అందులో ఇంకో పుస్తకముందా? తిన్నింటి వాసాలు లెక్కపెట్టే రకానివని మూడు నెలలకి తెలిసింది నాకు!"

మెకానిక్ కోపానికి కారణం ఉంది.

అతను వాషింగ్ మెషీన్లు బాగుచేస్తాడు. మలుపులో కంపెనీవాళ్ళ సర్వీస్ సెంటర్ పెట్టాక సగం మంది అటే పోయారు. వాళ్ళు మూతైనా తీయరు. "దీని పని అయిపోయిందండీ, కొత్తది కొనుక్కోండి" అంటారు.

మూత తీయడం మాటలు కాదు మరి. దాని స్క్రూకి మధ్యలో చిన్న ముల్లుంటుంది. బజార్లో దొరికే ఏ స్క్రూడ్రైవరూ అందులో దిగదు. దిగేది కంపెనీవాడి దగ్గరే ఉంటుంది. వాడు బయట అమ్మడు.

మెకానిక్ దానికో ఉపాయం కనిపెట్టాడు. పాత పళ్ళ బ్రష్షు కాడ కొసను మంట మీద కరిగించి, మెత్తగా ఉన్నప్పుడే స్క్రూలోకి నొక్కి, చల్లారాక తిప్పేవాడు. స్క్రూ బుద్ధిగా ఊడొచ్చేది. ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ ఒక్క కిటుకు మీదే.

అది మొదటిసారి చూసినప్పుడు గొడుగాయన నవ్వాడు. కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వాడు.

"పళ్ళ బ్రష్షుతోనా! ఓరి నీ ఇల్లు బంగారం కానూ, పళ్ళ బ్రష్షుతో తీసేశావా!"

"ఏం, అంత నవ్వులాటగా ఉందా నీకు?"

ఆ నవ్వు మెకానిక్‌కి మింగుడుపడలేదు. అయినా పెద్దవాడని ఊరుకున్నాడు. గొడుగాయన రోజూ వచ్చేవాడు. చూసేవాడు, అడిగేవాడు, పుస్తకంలో రాసుకుని పోయేవాడు.

ఈ గొడవ జరిగిన రోజు పొద్దున్నే కూతురు ఫోను పట్టుకుని వచ్చింది.

"నాన్నా, ఏదో వెతుకుతుంటే ఎవరిదో బ్లాగు తగిలింది. సొంతంగా రాసుకుంటున్నారు. ప్రకటనల్లేవు, బొమ్మల్లేవు, ఉత్త అక్షరాలే. పాలెందుకు పొంగుతాయో రాశారు, చీమలు దారెలా పట్టుకుంటాయో రాశారు. ఇదిగో, మన మెషీన్ల గురించి కూడా!"

"చదువు." అతనికి కూడబలుక్కుని చదవడమే వచ్చు.

"'మధ్యలో ముల్లున్న స్క్రూ రాకపోతే బెంగపడకండి. పాత పళ్ళ బ్రష్షు కాడ తీసుకుని, కొస కరిగించి...'"

అంతే. మెకానిక్ మొహం కందగడ్డయింది.

"వాడే! ఆ గొడుగాడే! నా నోటికాడ కూడు తీసి ఊరందరికీ పంచుతున్నాడు!"

"కింద ఇంకా ఉంది నాన్నా..."

"కిందా లేదు, మీదా లేదు! మూయ్ ఆ ఫోను!"

ఎదుటివాళ్ళ మాట చివరిదాకా వినడం అతని జాతకంలోనే లేదు.

ఇప్పుడూ వినలేదు. గొడుగాయన సంచిలోంచి చెయ్యి ఖాళీగా బయటికి తీశాడు. కష్టమ్మీద వంగి, బురదలోని పుస్తకం తీసుకుని, చొక్కా అంచుతో తుడుచుకున్నాడు.

"తప్పు నాదేలే బాబూ. మొదటిరోజే చెప్పాల్సింది."

మళ్ళీ రాలేదు.

నెల తర్వాత ఒకావిడ షాపుకొచ్చి, బల్ల మీద రేకు డబ్బా పెట్టింది.

"మా మామయ్యగారు మీకిమ్మన్నారండీ. రోజూ గొడుగుతో వచ్చేవారే, ఆయన. పోయి పది రోజులైంది."

మెకానిక్ మూత తీశాడు. లోపల అన్ని సైజుల్లోనూ ముల్లు స్క్రూకి పట్టే స్క్రూడ్రైవర్లు! కంపెనీవాడు బయట అమ్మనివి!

"ఇవి ఇంట్లో పెట్టుకునా నా బ్రష్షు చూసి నవ్వాడు? నాతో ఆటలాడాడా?"

"మీకివ్వాలనే ఓ రోజు సంచిలో తెచ్చారట. ఇవ్వకుండానే తిరిగొచ్చారు." ఆవిడ అతనికేసి చూసింది. "మీరు ఆయన బ్లాగు చివరిదాకా చదవలేదా?"

పక్కనే ఉన్న కూతురు ఫోను తీసింది. ఆపిన చోటి నుంచి మొదలుపెట్టింది.

"'...చల్లారాక తిప్పండి. ఈ తెలివి నాది కాదు, మా వీధిలో, కంపెనీ సర్వీస్ సెంటర్ మలుపుకి ఇవతల షాపులో మెకానిక్‌ది. మీ చేత కాకపోతే అతని దగ్గరికే వెళ్ళండి.'"

ఈ నెల రోజులుగా ఎక్కడెక్కడి వీధులవాళ్ళో మెషీన్లు మోసుకుని తన షాపే వెతుక్కుంటూ ఎందుకొచ్చారో మెకానిక్‌కి అప్పుడర్థమైంది.

"ఇంకా ఉందా అమ్మా?" అన్నాడు. ఆ మాట అతని నోట రావడం అదే మొదలు.

"ఉంది నాన్నా. 'మామూలువాడు మూత తీయకూడదు, పాడైతే పారేసి కొత్తది కొనాలి, దానికి తగ్గ స్క్రూ చేసిపెట్టమన్నాడు మా కంపెనీవాడు. ముప్ఫై ఏళ్ళు వాడి ఉప్పు తిన్నాను, ఆ ముల్లు పెట్టింది నేనే. ఒక పళ్ళ బ్రష్షు దాన్ని ఊడదీయడం చూశాక, ఇన్నాళ్ళకి కడుపారా నవ్వాను.'"