మోకాలి మీద నీలం టేపు

“బావా, ఇది మోకాలా, నిక్కరు నడుమా?”

బావమరిది అడిగిన తీరుకి దర్జీ నవ్వేశాడు. బావమరిది ఫిజియోథెరపిస్టు. అతని గదిలో, ఎత్తుబల్ల మీద చాపిన దర్జీ ఎడమ మోకాలికి నీలం టేపు అంటించి ఉంది. పరుగెత్తేవాళ్లు నొప్పులకు వేసుకునే సాగే గుడ్డ టేపు. మందుల దుకాణంలో చుట్ట కొని తనే వేసుకున్నాడు. నడుముపట్టీలకు ఎలాస్టిక్ కుట్టే చెయ్యి కదా, ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకే బిగువున లాగి మరీ అంటించాడు. రెండు కొసల దగ్గరా చర్మం కంది, పొక్కులు లేచాయి.

“ఎలాస్టిక్‌కి కొసల దగ్గరే గట్టిగా పట్టు ఉండాలి మరి,” అన్నాడు దర్జీ.

“ఇది చర్మం బావా. కొసలు ఊరికే పడుకోవాలి. లాగేది మధ్యలో, అదీ కొంచెమే.”

బావమరిది టేపు మీద నూనె రాసి, కాసేపు నాననిచ్చి, వెంట్రుకలు వాలినవైపే మెల్లగా ఒలిచాడు. దర్జీ పళ్లు బిగించి బల్ల అంచు పట్టుకున్నాడు.

“మెట్లెక్కుతున్నప్పుడే తెలిసింది నాకు,” అంది కుర్చీలో కూర్చున్న అక్క, దర్జీ భార్య. “ఎడమకాలు ఆగి ఆగి పడుతోంది. ఏమైందండీ అంటే, కొత్త చెప్పులు కరుస్తున్నాయన్నారు.”

“కరవవా?”

“కొత్తవైతే చప్పుడు వేరేగా ఉండదూ?”

“అక్క దగ్గర నీ పప్పులుడకవు బావా,” అంటూ బావమరిది మోకాలి బయటివైపు వేలితో నొక్కుతూ వచ్చాడు. ఒకచోట దర్జీ కాలివేళ్లు ముడుచుకున్నాయి.

“ఇదిగో, ఇక్కడ. రోడ్డు అంచున, ఆ వాలు మీదే పరుగు కదూ?”

“చదునంతా వదిలేస్తే మిగిలేది అంచే.”

“కుడిచెయ్యి చూస్తే ఊపనే ఊపవు. భారమంతా ఈ కాలిమీదే పడుతోంది. ఈ ఆదివారం పరుగుపందెం మానెయ్యరాదూ? కొన్నాళ్లు విశ్రాంతిస్తే అదే సర్దుకుంటుంది.”

అక్క అందుకుంది.

“పొద్దుటి నుంచీ నేనూ అదే అంటున్నాను. ఒక్క పరుగు పోతే ప్రాణం పోదు. వచ్చే ఏడు చూసుకోవచ్చు.”

“పోయిన ఏడూ ఇదే మాట అన్నావు,” అన్నాడు దర్జీ, కళ్లు మోకాలి మీద నుంచి ఎత్తకుండా. “సగం దారిలో నా పిక్క పట్టేసింది. రోడ్డు పక్కన కూలబడితే, అందరి అడుగులూ దాటిపోవడం వినబడుతూనే ఉంది. ఆ చప్పుడు ఇంకా నా చెవుల్లోంచి పోలేదు. నాకు పతకాలూ వద్దు, పాడూ వద్దు. ఆ చివరి గీత దాటితే చాలు.”

బావమరిది కొత్త టేపు పట్టీ ఒకటి తీశాడు. రోజంతా మిషను ముందు వంగి కూర్చునే మనిషి ఈ వయసులో పరుగు మొదలుపెడితే వీధి వీధంతా నవ్వింది. పక్కకొట్టు మంగలి, కుక్కలు తరిమాయా అని అడిగేవాడు. దర్జీ వాళ్లతో కలిసి నవ్వేవాడు, మర్నాడు మళ్లీ బూట్ల తాళ్లు బిగించేవాడు.

“సరే, ఆ కత్తెర అందుకో. మూలలు గుండ్రంగా తియ్యి. లేకపోతే లాగుకి రాసుకుని లేస్తాయి.”

దర్జీ చొక్కా కాలరు కత్తిరించినంత శ్రద్ధగా నాలుగు మూలలూ తీశాడు. బావమరిది ఆ పట్టీని చూసి తల పంకించి, మోకాలు వంచమని, పొక్కులకు దూరంగా తొడ పక్క నుంచి కిందికి పరిచాడు. నొప్పి ఉన్నచోట మాత్రం కాస్త లాగాడు.

“ఇప్పుడు అరచేత్తో రుద్దాలి. వేడికి జిగురు పట్టుకుంటుంది.”

“నేను రుద్దుతాను,” అంటూ అక్క వచ్చి బల్ల పక్కన కూర్చుంది. ఆమె చెయ్యి టేపు మీద మెల్లగా జారుతూ ఒకచోట ఆగింది.

“ఇక్కడ ముడత పడిందిరా.”

బావమరిది వంగి చూశాడు. మరీ దగ్గరికి వెళితే గాని కనిపించలేదు, వెంట్రుకంత ముడత. లేపి మళ్లీ సరిగా అంటించాడు. తన దగ్గర పనిచేసేవాళ్లలో ఒక్కరికైనా ఇలాంటి చెయ్యి ఉంటే బాగుండుననుకున్నాడు.

“ఇదేం మంత్రం కాదు బావా. కాస్త ఆసరా, అంతే. నొప్పి కొంచెం తక్కువ తెలుస్తుంది. చిన్న చిన్న అడుగులు వెయ్యి. సూదితో పొడిచినట్టుంటే మాత్రం ఆగిపోవాలి.”

“సూదిపోట్లు నాకు కొత్తా?”

“ఆపే పూచీ నాదిలేరా,” అంది అక్క.

ఆదివారం తెల్లవారేసరికి మొదటి గీత దగ్గర జనం కిటకిటలాడుతున్నారు. బావమరిది వాళ్లిద్దరినీ వెతుక్కుంటూ వెళ్లి ముందు మోకాలు చూశాడు. టేపు ఒక్క అంచూ లేవలేదు.

“నొప్పి?”

“ఉంది. కానీ మాట వింటోంది.”

బావమరిది టేపు అంచులు ఇంకోసారి అరచేత్తో నొక్కాడు. తన దగ్గరికి వచ్చే కుర్రాళ్లు ఇందులో సగం నొప్పికే నెలల తరబడి మంచం దిగరు.

ఇంతలో నంబర్లు సరిచూసే అమ్మాయి జనాన్ని తప్పించుకుంటూ వచ్చి దర్జీ ముందు ఆగింది.

“అయ్యా, మీకు నంబరు లేదేంటి? నంబరు లేనివాళ్లు గీత లోపల ఉండకూడదండీ.”

అక్క చలికి కప్పుకున్న శాలువా తీసేసింది. ఆమె గుండెల మీద నంబరు, ఎడమచేతి నుంచి దర్జీ కుడిచేతికి కట్టిన చిన్న తాడు.

“పరిగెత్తేది నేను, ఈయన తోడు,” అంటూ చేతిలోని తెల్లకర్రను తమ్ముడికిచ్చింది.