తుప్పు

సలోమి రక్తంలో తెల్లకణాలు మళ్లీ పడిపోయాయి. ఈసారి జ్వరం కూడా వచ్చింది. నరసరావుపేట ఆసుపత్రిలో ఆమెను విడిగా ఒక గదిలో పెట్టి మాస్కు తగిలించారు. చిన్న జలుబు సోకినా ప్రాణం మీదికి వస్తుందన్నారు.

కబురు అందగానే తండ్రి ఇన్నయ్య నడికుడి నుంచి బస్సెక్కి వచ్చాడు. రైల్వే గ్యాంగ్‌మన్‌గా రిటైరైన మనిషి. నిరుడు కీళ్లు పట్టేసి గోడ పట్టుకుని నడిచినవాడు, ఇవాళ మెట్లన్నీ విసవిసా ఎక్కాడు. కోపం ఎక్కించిందనుకున్నారు.

వస్తూనే అల్లుడు ప్రదీప్ మీద విరుచుకుపడ్డాడు.

"ఏందయ్యా, పిల్లకు కూడు పెడుతున్నావా? ఆదివారం ఆదివారం నేను సంచీ మోసుకొస్తేగాని దాని కాళ్లల్లో సత్తువుండదు."

భార్య పేగువాపు కోసం ప్రదీప్ కూడా కారం మానేశాడు. పల్నాటిలో పుట్టి పెరుగన్నంతో బతకడమంటే మాటలా? అది మామగారి కంటికి ఆనదు.

తర్వాత వంతు సలోమికి వైద్యం చేస్తున్న డాక్టర్ పూర్ణిమది. ఆమె ఓపిగ్గానే చెప్పింది. వాపు తగ్గకపోతే ఆక్సిడేటివ్ స్ట్రెస్ పెరుగుతుంది, అంటే పేగుకు తుప్పు పట్టినట్టే. మోకాళ్ల నొప్పులు పుట్టేదీ ఆ జబ్బువల్లే. సొంత తెల్లకణాలే పేగు మీద తిరగబడుతుంటే వాటిని అదుపు చేయడానికి మాత్ర ఇచ్చింది. కానీ ఆ కాస్త మోతాదుకు ఇంతగా పడిపోకూడదు.

"తుప్పు సంగతి నాకు చెప్పమాకండి," అన్నాడు ఇన్నయ్య. "పట్టాల మీద బతికినోణ్ణి. మీరు తుప్పు గీకుతామని పట్టానే అరగదీశారు."

పూర్ణిమకూ ఒళ్లు మండింది. ఇంట్లో ఉన్న మందులన్నీ, తలనొప్పి బిళ్లతో సహా, పట్టుకురమ్మని ప్రదీప్‌ను తరిమింది. అతను తెచ్చిన కవరును మంచం మీద గుమ్మరించింది. ఒక షీటు తీసి, పేరు చదివి, గుప్పిట్లో నలిపేసింది.

"ఇది నేను రాయలేదు. నా మాత్రతో ఇది కలిస్తే తెల్లకణాలు తుడిచిపెట్టుకుపోతాయి. ఎవరిచ్చారు?"

ఇన్నయ్య ఇంకేమీ వినలేదు. ప్రదీప్ కాలర్ పట్టుకుని గోడకు అదిమాడు.

"నా బిడ్డను చంపుతున్నావంట్రా?"

సలోమి మాస్కు కిందికి లాగింది.

"ఆయన్ని వదులు నాన్నా, అయ్యి నా మోకాళ్ల నొప్పులకని నీ కీళ్ల మాత్రల్లోంచి తీసి, ఆదివారం ఆదివారం సంచీలో పెట్టి నువ్వు తెచ్చిచ్చినయ్యే."