ఆమేన్ అనేదాకా

"కృపగల తండ్రీ, మా గ్లోరీ డిప్లొమాలో చేరేలా దాని మనసు తిప్పుము. ఇంటరు, ఇంటరని ఈ ఇంట్లో కొందరికి పట్టిన పిచ్చి వదిలించుము."

'కొందరు' దగ్గర శాంతికుమార్ గొంతు పెరిగింది. పక్కనే మోకాళ్ల మీదున్న భార్య ప్రిస్కిల్లా కళ్లు మూసుకునే పళ్లు నూరింది. అంతకంటే ఏం చేయగలదు? ఒకరు ప్రార్థిస్తుంటే 'ఆమేన్' అనేదాకా రెండోవాళ్లు నోరెత్తకూడదు. తాతల నాడు బాప్టిస్టు మిషన్లో కలిసినప్పటి నుంచీ ఆ ఇంటి కట్టుబాటు అది.

పగలంతా మొగుడూ పెళ్లాలకు మాటల్లేవు. సాయంత్రం కుటుంబ ప్రార్థన మొదలైతే మాత్రం ఇద్దరికీ ఎక్కడలేని నోళ్లూ వచ్చేవి. గ్లోరీ పది పాసైన దగ్గర్నుంచీ ఇదే తంతు.

"ప్రభువా, నాను గరివిడి ఫ్యాక్టరీలో ఫర్నేసు కాడ మాడిపోతన్నాను," శాంతికుమార్ గ్రాంథికంలోంచి జారిపోయాడు. "డిప్లొమా సదివిన కుర్రోలు తెల్ల టోపీ ఎట్టుకొని దూరంనుంచి సూసి పోతన్నారు. ఆ టోపీ నా గుంటకి దయచేయుము. ఆమేన్."

ప్రిస్కిల్లా వెంటనే అందుకుంది.

"పరిశుద్ధుడవైన దేవా, టోపీలు ఎట్టీసినోలు ఈ ఊర్లో సాలామందే ఉన్నారు. నా గుంటకి ఒద్దు. ఇంటరు బైపీసీ సదివి నర్సమ్మ అవ్వాల. ఇనప ముక్కల మజ్జిన ఆడపిల్ల ఏటి సేస్తాదో దాని తండ్రికి నువ్వే అడుగుము. ఆమేన్."

"గ్లోరీ, నీ వంతు," అన్నారిద్దరూ.

"ఆమేన్," అంది గ్లోరీ మొహం ముడుచుకుని.

దేవుడి ముందు మోకరించి ఒకరి మీద ఒకరు పితూరీలు చెప్పుకుంటుంటే, పాపం ఆయన మాత్రం ఏం తీర్పు చెబుతాడు!

ఆదివారం చర్చిలోనూ వదల్లేదు. ప్రార్థన మనవులు చెప్పండని పాస్టరుగారు అడగడమే తడవు, ఇద్దరూ ఒకేసారి లేచారు. క్షణాల్లో మగవాళ్ల వైపు డిప్లొమా, ఆడవాళ్ల వైపు ఇంటరు. సంఘం రెండుగా చీలింది. "ప్రభువు చిత్తం" అనేసి పాస్టరుగారు మెల్లగా తప్పుకున్నారు. గ్లోరీకి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

బయట స్నేహితురాలు ఉష ఎదురొచ్చింది. విజయనగరంలో బట్టల షాపులో పనికి కుదిరిందామె.

"ఏటే, మీ గోల ఇని ఇని దేవుడికి సెవులు నొప్పెట్టవేటి?"

"నవ్వకే. ఎల్లుండే కౌన్సెలింగు. అది దాటిపోతే డిప్లొమా సీటు పోయినట్టే. ఈలు ఇంకా తేల్సుకోలేదు."

"మా షాపులో నీ కోసం అడగతన్నారు మరి."

"ఆగవే, ముందిది తేలనీ."

"నీకేటి ఇష్టం?"

గ్లోరీకి ఒళ్లు మండింది. "నన్ను అడిగినోలు ఎవలున్నారు? బైపీసీ అంటే కప్పల్ని కొయ్యాల. నావల్ల కాదు. కరెంటు లెక్కలంటే నాకిష్టమని ఆలకి తెలుసా?"

"సెప్పకపోతే ఎలా తెలుస్తాది? నువ్వూ పార్థన సెయ్యి. మజ్జిలో నోరెత్తలేరు కదా!"

మర్నాడు సాయంత్రం తండ్రి టోపీ ప్రార్థనా, తల్లి నర్సమ్మ ప్రార్థనా అయ్యాయి. గ్లోరీ వంతు వచ్చింది.

"ప్రభువా!" అంది గట్టిగా. "ఈలిద్దరూ నీ సెవులూ నా సెవులూ తినేస్తన్నారు. సదివేది నాను. డిప్లొమాలోనే సేరతాను, అదీ ఎలక్ట్రికల్‌లో. రేప్పొద్దున్న మా నాన్న నన్ను కౌన్సెలింగుకి తీసుకెల్లాల. మా అమ్మ ఏడవకూడదు. ఇంకెవలైనా ఈ మాటెత్తితే ఆలకి నువ్వే బుద్ధి సెప్పుము. ఆమేన్."

"ఆమేన్!" అన్నాడు శాంతికుమార్, ఇల్లు అదిరేలా.

ప్రిస్కిల్లా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పరుగెత్తింది. గ్లోరీ ప్రాణం ఉసూరుమంది.

"నాన్నా, అమ్మని కాస్త ఓదార్సు," అని తండ్రిని పంపి, ఉషకు చెప్పడానికి వీధిలోకి వెళ్లింది.

వంటింట్లో ప్రిస్కిల్లా గోడకు ఆనుకుని ఉంది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. శాంతికుమార్ లోపలికొచ్చి తలుపు దగ్గరగా వేశాడు. ఆమె కొంగు తీసింది. కళ్లమ్మట నీళ్లు కారుతున్నాయి, నవ్వు ఆపుకోలేక.

"మెల్లిగా నవ్వు, గుంట ఇంటే మన నాటకం బయటపడిపోతాది!" అన్నాడతను, తనూ నవ్వాపుకుంటూ.

"పది పాసైన్నాడు, సచ్చినా ఇంక సదవను, షాపులో సేరిపోతానని ఏడిసినాది ఈ గుంటేనా!"