తాళం వేసిన గది గాలి

మణుగూరు లాడ్జిల గాలి మిషన్లు చూసేది నేనే. గదుల్లకెల్లి పోయే చెడ్డ గాలిల వేడిని గుంజి, బయటి నుంచి వచ్చే కొత్త గాలికి ఇస్తయి అవి.

పోయిన చలికాలం వాచ్‌మన్ ఆదాము, "అన్నా, నా గదిల గాలి ఆడ్తలేదు" అన్నడు. ఫిల్టర్ నిండా దుమ్మని నాకు తెలుసు. "రేపు చూస్తలే" అన్న. ఆ రాత్రి బొగ్గుల కుంపటి పెట్టుకొని పండుకున్నడు. లేవలేదు.

అప్పటిసంది ఆ గదికి తాళమే. అయినా బయట వరండాల ఉన్న దాని ఫిల్టర్ రోజూ కడుగుతున్న.

ఈ రాత్రి అడివి నుంచి కోసే చలి. ఖాళీ గదుల పైపులన్నీ సల్లగున్నయి. ఆదాము గది పైపు ఒక్కటే మనిషి ఊపిరిలెక్క వెచ్చగుంది. ఫిల్టర్ గుంజిన. పొద్దున కడిగిందే, నిండా బొగ్గు మసి.

"మాఫ్ చెయ్యి తమ్మీ, ఇప్పుడే కడుగుత" అన్న.

పైపులకెల్లి మెల్లగ వినబడ్డది: "రేపు చూద్దువులే అన్నా. పోయి పండుకో."