ఆడినవాడి సాక్ష్యం

గవీనో చూపుడువేలు ఎదుటివాడి ముక్కుకు అంగుళం దూరంలో ఆడుతోంది.

"డెబ్బై ఎనిమిది ఫైనల్! ఆఖరి బంతి! వదిలేసిందెవడు? చెప్పు, నీళ్లు నమలకు!"

కొత్తవాళ్లు చూస్తే ఇప్పుడో ఇంకాసేపటికో కొట్టుకు చస్తారనుకుంటారు. హవానా సెంట్రల్ పార్కులో ఈ మూల రోజూ ఇంతే.

పొద్దున్నే కాఫీ తాగి వచ్చినవాళ్లు మధ్యాహ్నం దాకా బేస్‌బాల్ మీద గొంతులు చించుకుంటారు. ఎప్పుడో ఆట మానేసినవాళ్లు ఎన్ని హోమ్ రన్‌లు కొట్టారు, ఎవడు ఎవణ్ణి ఎన్నిసార్లు అవుట్ చేశాడు, అన్నీ ఇవే ప్రశ్నలు. జవాబు తెలియనివాడికి ఆ రోజంతా ఎగతాళే.

"సొరంగం!" అని పదిమంది ఒక్కసారే అరిచారు. అందరూ నవ్వారు.

సొరంగం అంటే ఫెర్మీన్. నీలం టోపీల జట్టులో రెండో బేసుకూ మూడో బేసుకూ మధ్య కాపలా కాసినవాడు. పదకొండేళ్లు ఆడాడు. ఒకే ఒక్క బంతి కాళ్ల సందులోంచి పోయింది, దాంతో కప్పూ పోయింది. ఆ పదకొండేళ్లలో మిగతాదేదీ ఎవరికీ గుర్తులేదు.

అతన్ని పాతిపెట్టి మూడు వారాలైంది.

బెంచీ మీద కూర్చున్న అనిసెతో అనే ముసలాయన తల ఎత్తలేదు. ఆ రోజు అదే జట్టు తరఫున ఆ బంతి విసిరింది అతనే. ఇప్పుడు డెబ్బై నాలుగేళ్లు. పార్కులో అతనంటే గౌరవం. వస్తే జరిగి చోటిస్తారు, ఎవరు కాఫీ తెచ్చినా మొదటి కప్పు అతనికే.

పక్కన యనేలిస్ నిలబడి ఉంది, ఫెర్మీన్ కూతురు. రోడ్డుకు అవతల హోటల్లో దుప్పట్లు ఉతికే పని. రోజూ ఈ మూల దాటుకునే పనికి పోవాలి.

"విన్నారుగా బాబాయ్," అంది. "బళ్లో కూడా నన్ను సొరంగం కూతురనే పిలిచేవాళ్లు. పడ్డాను. మనిషే పోయాక ఇంకా ఎందుకు? మీరు చెబితే వింటారు వీళ్లు. ఇకనైనా పేరు పెట్టి పిలవమనండి, చాలు."

అనిసెతో శ్మశానంలోనే ఒక మాట చెప్పాలనుకున్నాడు. అక్కడ చెప్పలేక తిరిగొచ్చేశాడు, అప్పట్నుంచీ సరిగా నిద్ర లేదు.

లేచి వెళ్లాడు. గుంపు దారిచ్చింది.

"ఆ బంతి నా గ్లవ్‌కి తగిలింది," అన్నాడు.

ఎవరికీ అర్థం కాలేదు.

"డెబ్బై ఎనిమిదిలో. అవతలి జట్టువాడు కొట్టింది ముందు నా పక్కనుంచే పోయింది. చెయ్యి చాపాను. వేళ్ల చివర రాసుకుని దారి మళ్లింది. ఫెర్మీన్ ఉండాల్సిన చోటే ఉన్నాడు. బంతే మారింది. స్కోరు పుస్తకంలో తప్పు ఫెర్మీన్ పేరు మీద రాశారు. నేను నోరు మూసుకు కూర్చున్నాను."

నలభై ఏడేళ్లు దాచిన మాట. చెప్పడానికి అర నిమిషం కూడా పట్టలేదు.

గవీనో వచ్చి అతన్ని గట్టిగా కావలించుకున్నాడు. కళ్లు చెమర్చాయి కూడా.

"స్నేహమంటే నీదన్నా! కానీ రూలు రూలే. సొంత ఆట గురించి ఆడినవాడి సాక్ష్యం చెల్లదు. పెట్టిందెవరు? నువ్వే కదా!"

నిజమే. ముసలి ఆటగాళ్లు వచ్చి తమ హోమ్ రన్‌లు తామే పెంచి చెప్పుకుంటున్నారని, పాతికేళ్ల కిందట అనిసెతో నవ్వుతూ పెట్టిన రూలు అది. అందరూ సరదా పడి ఒప్పుకున్నారు.

ఫెర్మీన్ పార్కుకు వచ్చింది ఆ రూలు పెట్టిన ఒక్కరోజే. ఏదో చెప్పాలని గుంపు మధ్యకు వచ్చి నిలబడ్డాడు. ఏం చెప్పబోతున్నాడో అనిసెతోకు తెలుసు. అతను నోరు తెరిచేలోపు రూలు పెట్టేశాడు.

"ఆ రూలు ఎత్తేస్తున్నాను," అన్నాడు ఇప్పుడు.

"ఎత్తేయడానికి అదేమన్నా నీ టోపీయా? అదిప్పుడు పార్కుది!" అన్నారెవరో. మళ్లీ నవ్వులు.

"పోయినవాడి కోసం తప్పు నెత్తినేసుకుంటున్నాడ్రా! ఇలాంటి మనిషి ఇంకొకడున్నాడా?"

చప్పట్లు మొదలయ్యాయి.

"నిజం చెబుతున్నాన్రా!" అని అనిసెతో అరిచాడు.

ఆ మూలలో అరుపుకు విలువేముంది? అందరూ అరిచేవాళ్లే. గవీనో అప్పుడే ఇంకో ముక్కు ముందు వేలు ఆడిస్తూ, ఎనభై రెండులో ఎక్కువ బేసులు పరుగున దొంగిలించిందెవడని అడుగుతున్నాడు.

ఒకడు వేరుశనగ పొట్లం తెచ్చి అనిసెతో చేతిలో పెట్టి వెళ్లాడు. దాన్ని ఏం చేయాలో అతనికి తోచలేదు.

యనేలిస్ పార్కు అంచున నిలబడి ఉంది. అంతా విన్నది.

దగ్గరికి వెళ్లి తలవంచుకున్నాడు. తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండునని కూడా అనుకున్నాడు.

ఆమె తిట్టలేదు.

"నాన్న ఇంట్లో ఇదే చెప్పేవాడు," అంది. "బంతి మధ్యలో దారి మళ్లిందని. చేత్తో చూపించి మరీ చెప్పేవాడు."

అనిసెతో తలెత్తాడు.

"అమ్మేమో, చాల్లే, అన్నం చల్లారిపోతోంది అనేది," అంది యనేలిస్. "నేను నవ్వేదాన్ని బాబాయ్."