ఖాళీ క్యారియర్

కంకర మొదలవగానే జగదీశ్వర్ టక్కున సైకిల్ దిగి, హ్యాండిల్ పట్టుకుని నడవసాగాడు.

"ఏమైంది బాపూ?" వెనకే వస్తున్న కూతురు స్వరూప బ్రేకు వేసింది. వచ్చే ఆదివారం తన సైకిల్ క్లబ్బు వాళ్లను ఈ మూసీ లోయలో తిప్పాలి. తొవ్వ తెలిసింది బాపుకే.

"ఏం కాలే. కంకర రాంగనే దిగాలె గద!"

"ఎవరు చెప్పిన్రు?"

"ఒకరు చెప్పుడేంది? ముప్పయ్యేండ్లు చార్మినార్ కాడ గాజులు కొనుక్కొచ్చి గీ ఊర్లల్ల అమ్మిన. గీ రాళ్ల మీద తొక్కితె ఒక్క గాజన్న మిగులుతదా?"

"అంటే, గీ తొవ్వల ఎన్నడూ సైకిల్ తొక్కలేదా?"

"తొక్కలే."

స్వరూప అతని క్యారియర్ వైపు వేలు చూపించింది. "మరి ఇయ్యాల గాజులేవి బాపూ?"

జగదీశ్వర్ వెనక్కి తిరిగి చూశాడు. ఖాళీ క్యారియర్‌ను చేత్తో తడిమాడు. మరుక్షణం సైకిలెక్కేశాడు.

ఏటి దాకా అంతా వాలే. రాళ్లు ఎగిరాయి, బెల్లు దానంతటదే మోగింది. అతను ఎక్కడా బ్రేకు పట్టలేదు.

కింద నుంచి నవ్వుతూ అరిచాడు: "బిడ్డా! నడిచి నడిచి కాళ్లు పడిపోయేటియి. గీ తొవ్వ గింత చిన్నదా? ఆడ్నే ఉండు, పైకొస్తున్న. ఇంకోసారి పోదాం!"