హద్దు మీరిన డౌన్‌లోడ్లు

మే నెలలో ఒక సోమవారం ఉదయం, కున్‌మింగ్‌లోని ఓ విశ్వవిద్యాలయంలో ఒక్క పరిశోధనా పత్రం కూడా తెరుచుకోలేదు.

చైనా పరిశోధనా పత్రికలన్నీ ఉండే డేటాబేసును దాన్ని నడిపే కంపెనీ వాళ్ళు విశ్వవిద్యాలయం మొత్తానికీ ఆపేశారు. ఆదివారం ఒక్కరోజే ఎవరో మూడువందల పన్నెండు పత్రాలు దించుకున్నారట.

థీసిస్ గడువు ఇంకా నాలుగు రోజులే ఉంది. విద్యార్థులు గ్రంథాలయం మెట్ల మీద గుమిగూడారు. ఎలక్ట్రానిక్ విభాగం చూసే తాన్ వెన్‌చిన్‌కి సమాధానాలు చెప్పీ చెప్పీ గొంతు పోయింది.

ఆ పత్రాలు దించిన గ్రంథాలయం కార్డు ఎవరిదో మధ్యాహ్నానికి తేలింది.

చూ బావోషాన్. హాస్టళ్ళ దగ్గర వేడినీళ్ళ గదిలో బాయిలరు చూసుకునే కాంట్రాక్టు పనివాడు. వయసు యాభై దాటింది.

"ఫ్లాస్కులు నింపేవాడికి పరిశోధనలెందుకట? టీ ఆకు మీద డాక్టరేటు చేస్తున్నాడేమో" అని పక్క బల్ల దగ్గరి లూ నవ్వాడు.

పిలిపిస్తే చూ వచ్చి తలుపు దగ్గరే నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఇవన్నీ దించింది మీరేనా?" అంది వెన్‌చిన్.

"నేనే, టీచరుగారూ."

"ఎవరికి అమ్ముతున్నారు?"

"అమ్మట్లేదండీ. అడిగినవాళ్ళకి పంపుతాను."

"ఎవరు వాళ్ళు?"

"తెలీదు. ఇంటర్నెట్లో అడుగుతారు. వాళ్ళ కాలేజీల్లో ఇవి ఉండవు. అందరికీ గడువు ఒక్కసారే వచ్చిపడింది, అందుకే ఎక్కువైపోయాయి."

తనది మిడిల్ స్కూలు చదువేననీ, వాటిలో ఏముందో తనకు బోధపడదనీ, పేరు చూసి వెతకడం మాత్రం వచ్చనీ చెప్పాడు. కార్డు తీసేసుకోమన్నాడు. పని మాత్రం ఉంచమని అడిగాడు.

వెన్‌చిన్ నమ్మలేదు. ముక్కూమొహం తెలియని వాళ్ళకి ఊరికే ఎవరు చేస్తారు? 'అమ్ముకుంటున్నట్టు అనుమానం' అని నివేదికలో రాసింది.

బుధవారం డేటాబేసు తెరుచుకుంది. శుక్రవారం చూని తీసేశారు. పక్కబట్టలు చుట్టుకుని రైలెక్కాడు. ఏ ఊరికో ఎవరూ అడగలేదు.

సమస్యను చురుగ్గా తేల్చినందుకు నెల తిరక్కుండా వెన్‌చిన్‌ని విభాగాధిపతిని చేశారు.

జులైలో, చూకి విశ్వవిద్యాలయం ఇచ్చిన ఈమెయిలు ఖాతా మూసేసే ముందు ఒకసారి చూడమని కంప్యూటర్ల వాళ్ళు కబురు పెట్టారు. అమ్మకానికి ఆధారం దొరికితే నివేదికకు జతచేయొచ్చని ఆమె తెరిచింది.

పన్నెండేళ్ళ ఉత్తరాలు. ధర మాట ఎక్కడా లేదు.

ఒక పల్లె నర్సు. గొర్రెల జబ్బుల మీద రాస్తున్న ఒక పశువైద్యుడు. మంచం మీదినుంచే చదువుకుంటున్న ఒక కుంటి పిల్ల. అందాయనీ, పాసయ్యామనీ, మీ పేరైనా చెప్పమనీ.

అందరికీ అతని జవాబు ఒక్కటే. "బాగా చదువుకోండి."

సగంలో ఆగి ఆమె అతని నంబరుకి ఫోను చేసింది. ఆ నంబరు వాడుకలో లేదు.

మళ్ళీ చదువుతూ పోయింది. అన్నిటికన్నా అడుగున మొట్టమొదటి ఉత్తరం ఉంది.

"గౌరవనీయులైన ప్రొఫెసరుగారికి. మా కొండ కాలేజీలో డేటాబేసు లేదు. మీరు పంపిన ఏడు పత్రాలే లేకపోతే నా చదువు అక్కడితో ఆగిపోయేది. మీలాంటి మనిషిని జీవితంలో ఒక్కసారైనా కళ్ళారా చూడాలని ఉంది."

కింద సంతకం, తాన్ వెన్‌చిన్.